అనుమానాస్పద వేగం

నెత్తిమీద ఇవ్వాల్సిన వెంట్రుకలు కూడా భగవంతుడు గౌరునాయుడికి మూతిమీదే ఇచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళు నిండకుండానే తల నున్నగా తేలిపోయింది. మీసం మాత్రం రెండువైపులా చెవుల్ని పలకరించేదాకా పెరిగింది. పనసకొండ ఘాటు రోడ్డులో మూడో మలుపు దగ్గరున్న అతని సైకిల్ షాపుకి బోర్డు లేదు. మీసాలాయన షాపంటే రెండు మండలాల్లో ఎవరైనా చూపిస్తారు. పంక్చరు వేస్తున్నా, చక్రం వంకర తీస్తున్నా, మధ్యమధ్య ఆ గ్రీజు చేత్తోనే మీసం మెలేస్తాడు. అందుచేత దానికి వేరే నూనె అక్కర్లేకపోయింది.

షాపు ముందు ఎప్పుడూ ఒక కుండ ఉంటుంది. అందులో చోడంబలి, అంటే రాగి అంబలే, ఆ వైపు పేరది. సైకిలు మీద మూడో మలుపుదాకా ఎక్కొచ్చినవాడు ఎంత గొప్పవాడైనా సరే, ఒక చెంబుడు అంబలి తాగి కదలాలి. గౌరునాయుడి తండ్రి పెట్టిన ఆనవాయితీ అది. తాగకుండా వెళ్ళినవాడికి నాలుగో మలుపులో గొలుసు తెగుతుందని చెప్పుకుంటారు. తెగిన గొలుసులన్నీ తన షాపుకే రావాలి కాబట్టి ఆ మాటని ఖండించడానికి గౌరునాయుడు ఎన్నడూ పూనుకోలేదు.

ఆ అంబలి తాగి తయారైనవాడే జోగులు. కింద ఊళ్ళ పాలు కొండమీది టీ హోటళ్ళకి చేరవేసే మనిషి. చెరో పక్కా ఒక పెద్ద క్యాను కట్టుకుని ఎనిమిదేళ్ళు ఆ ఘాటు ఎక్కాడు. ఆ ఎక్కడం చూసి ముచ్చటపడ్డ ఒక కంపెనీవాళ్ళు అతన్ని తమ సైకిల్ జట్టులో చేర్చుకుని, రంగు చొక్కా తొడిగి, దక్షిణాది మహా సైకిల్ పందేనికి దింపారు. ఎనభై నలుగురు పోటీ పడే ఆ పందెంలో జోగులు వరసగా నాలుగేళ్ళు ఎనభై నాలుగోవాడుగా వచ్చాడు. బలం లేక కాదు. నిట్టనిలువు రోడ్డులోనైనా గుర్రమే. కానీ మలుపు కనబడితే చాలు, పాలు ఒలికిపోతాయని నెమ్మదిస్తాడు. పాలు లేవురా నాయనా అని చెప్పీ చెప్పీ కోచ్ గొంతు బొంగురుపోయింది.

అయిదో ఏడు పందెం దారి పనసకొండ ఘాటు మీదుగా పడింది. ఆ కబురు విన్ననాటినుంచి గౌరునాయుడికి కాలు నిలవలేదు. అతనికి రెండే కోరికలు. పందెంలో ఉన్న జోగులుకి తన చేత్తో చెంబుడు అంబలి ఇవ్వాలి. ఆ తరవాత కొండ మారుమోగేలా "తొక్కరా జోగులూ!" అని ఒక్క కేక పెట్టాలి. నాలుగేళ్ళుగా ఆ కేక గొంతులో దాచుకుని ఉన్నాడు.

రోడ్డుకి అవతలి పక్క టీ హోటలు అప్పలకొండకి మాత్రం పందెం మీద నమ్మకం లేదు. అతను పేపరు చదివే మనిషి.

"సూదులు బావా, సూదులు," అన్నాడు టీ తిరగబోస్తూ. "కొండెక్కినప్పుడు ఊపిరాడకపోతే ఒక సూది. ఆడితే ఇంకో సూది. నిరుడు ఫస్టొచ్చినోడు దొరికాడా? సెకండోడికిచ్చారు. ఆడూ దొరికాడు. అలగ ఏడుగురు! ఎనిమిదోడికిచ్చి ఇంక పరీక్షలు సాలించుకున్నారు. ఇంకో డెబ్భై ఆరుగురు దొరికితే మీవోడే ఫస్టు."

కడుపు మండిపోయింది గౌరునాయుడికి. "సూడు అప్పలకొండా, ఈపాలి మావోడు ఆకర్న వొస్తే నా మీసం తీయించీసుకుంతాను!"

హోటల్లో ఉన్న పదిమందీ గ్లాసులు కిందపెట్టారు. మీసం మెలెయ్యడం తప్ప దానిమీద ఒట్టెయ్యడం అతను ఎన్నడూ చెయ్యలేదు.

"ఆకర్న రాకపోతే నాది తీయించుకుంతాను," అన్నాడు అప్పలకొండ. అతని మీసం చీమలబారులా ఉంటుంది గనక పెద్ద త్యాగమేమీ కాదు.

పందెం వారం రోజులుందనగా పరాంకుశం గారు జీపులో వేంచేశారు. ఆయన నిష్కళంక క్రీడా ప్రాధికార సంస్థ వారి ప్రత్యేకాధికారి. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించి, ఊరందర్నీ కూర్చోబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టారు.

"గత సంవత్సరపు పరీక్షలకు పదకొండు మాసములు పట్టినవి. ఈ నేపథ్యంలో సంస్థ లోతైన అధ్యయనము జరుపగా ఒక కీలక వాస్తవము వెలుగులోనికి వచ్చినది. ఇప్పటివరకు మందుల అనుమానమునకు గురైనవారందరూ ముందు వచ్చినవారే. ఆఖరున వచ్చిన వ్యక్తిపై పన్నెండేళ్ళలో ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదు. కావున మందులను వెదకుట వృథా. ముందు వచ్చుటను నివారించిన చాలును."

జనం చప్పట్లు కొట్టారు. షామియానా కింద కూర్చోబెట్టి ఎవరేం చెప్పినా చప్పట్లు కొట్టడం అక్కడి మర్యాద.

నియమం తేలికైనదే. దారిలో అయిదు తనిఖీ గేట్లుంటాయి. గేటు గేటుకీ అందరి వేగం కలిపి సగటు కడతారు. సగటుకి మించి తొక్కినవాడిది అనుమానాస్పద వేగం. వాణ్ణి అక్కడికక్కడే దింపేస్తారు. కాలు నేల మోపినవాణ్ణీ దింపేస్తారు. ఆ రెండు తప్పులూ చెయ్యకుండా అందరికంటే ఆఖర్న గీత దాటినవాడే నిష్కళంక విజేత.

గౌరునాయుడు లేచి నిలబడ్డాడు. "బాబూ, నాకు తెలవక అడుగుతాను. అందరూ కలిసి సగటుకన్నా తక్కువ తొక్కడం ఎలగవుతాదండి?"

"అదియే సంస్థ ఆశయము," అన్నారు పరాంకుశం గారు.

తరవాత ప్రేక్షకుల విషయానికొచ్చారు. కేకలు, ఈలలు, చప్పట్లు విన్నవాడికి ఒంట్లో హుషారు పుడుతుంది. హుషారు పుడితే వేగం పెరుగుతుంది. కావున అవి బాహ్య ఉత్తేజకములు, నిషిద్ధములు. స్వాగతానికి మాట్లాడుకున్న తప్పెటగుళ్ళ బృందం నిమిషానికి పన్నెండు దెబ్బలకి మించి వాయించరాదు. నోరు మూసుకోలేని అభిమానుల కోసం సంస్థ మూడు నినాదాలు మంజూరు చేసింది. "నెమ్మది నాయనా", "తొందరేమున్నది", "పడిపోగలవు, జాగ్రత్త". వీటిని కూడా మామూలు గొంతుతోనే అనాలి.

గౌరునాయుడికి గొంతులో కేక అడ్డం పడ్డట్టయింది. అయితే అంబలి సంగతి ఇప్పుడే తేల్చుకోవడం మంచిదనిపించి, చెంబుతో తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఎండలో వచ్చిన మనిషి, పరాంకుశం గారు ఒక చెంబుడు తాగారు. విచారణ పూర్తికాలేదని రెండోది తాగారు. త్రేన్చి, కళ్ళు మూసుకుని, కాసేపు తన ఒంట్లోకి తానే తొంగిచూసుకున్నారు.

"ఉత్తేజము కానరాలేదు. నిద్ర వచ్చుచున్నది. అనుమతించడమైనది," అని కుర్చీలోనే కునుకు తీశారు.

అంబలి గట్టెక్కిందని సంతోషిస్తూ ఇంటికొచ్చిన గౌరునాయుడికి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే అసలు చిక్కు తట్టింది. జోగులు గెలవాలంటే ఆఖర్న రావాలి. ఆఖర్న వస్తే మీసం పోతుంది. మీసం ఉండాలంటే జోగులు ఓడిపోవాలి. ముద్ద కంచంలోనే వదిలేశాడు. అతని భార్య పోలమ్మ అంతా విని, "నీకు మీసం కావాలా, జోగులు కావాలా?" అనడిగింది. ఇద్దరూ కావాలన్నాడు. "అయితే ముందు కూడు తిను," అంది.

పందెం రోజున తెల్లారేసరికి ఘాటంతా జనం. పక్క జిల్లాలనుంచి లారీల్లో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. టీవీవాళ్ళు మూడో మలుపు దగ్గర కెమెరాలు బిగించారు. తొమ్మిదింటికి రావాల్సిన సైకిళ్ళు పదైనా రాలేదు. అప్పలకొండ ఫోన్లో చూసి ఎప్పటికప్పుడు చెబుతున్నాడు. అలవాటు కొద్దీ గబగబా తొక్కేసిన నలభై ఒక్కమందిని మొదటి గేటు దగ్గరే దింపేశారు. రెండో గేటు దగ్గర ఇంకో ఇరవై మూడు. మూడో గేటుకి మిగిలినవాళ్ళకి జ్ఞానోదయమైంది. ఎవడికీ ముందుండాలని లేదు. గేటు కనబడగానే ఒకరికొకరు దారి ఇచ్చుకోవడం మొదలెట్టారు. అంత మర్యాద పెళ్ళి పంక్తిలో కూడా ఉండదు. అయినా సగటన్నాక ఎవడో ఒకడు మించక తప్పదు గనక అక్కడా తొమ్మిదిమంది దిగిపోయారు.

పదకొండున్నరకి పదకొండుమంది మూడో మలుపుకి చేరారు. నాలుగో గేటు ఎదురుగా కనబడుతోంది. అంతే, గౌరునాయుడి షాపు ముందు అందరూ సైకిళ్ళ మీదే నిలబడిపోయారు. కాలు కింద పెట్టరు, ముందుకు పోరు. హ్యాండిలు అటూ ఇటూ తిప్పుకుంటూ ఉన్నచోటే ఉన్నారు. ఆ పదకొండుమందిలో జోగులున్నాడు.

పావుగంటకి టీవీ ఆఫీసునుంచి కెమెరామెన్‌కి ఫోనొచ్చింది. బొమ్మ ఆగిపోయింది, చూసుకోమన్నారు. బొమ్మ బాగానే ఉంది సార్, పందెమే అంత, అని అతను చెప్పుకోవాల్సొచ్చింది.

జనం మొదట్లో ఉసూరుమన్నారు గాని, తరవాత ఒక్కొక్కరికే సంగతి అర్థమైంది. ఇది తమకి తెలిసిన ఆటే! ప్రతి పంద్రాగస్టుకీ బడిలో పెట్టే స్లో సైకిలు పందెం. అందులో చేతనైన సలహా ఇవ్వలేనివాడు ఆ జిల్లాలో లేడు. ఫలానావాడు బ్రేకు ఎక్కువ నొక్కుతున్నాడనీ, ఎర్ర చొక్కావాడు చూపు చక్రం మీద పెడుతున్నాడు, దూరంగా పెట్టాలనీ మామూలు గొంతులతో విమర్శలు బయల్దేరాయి. తప్పెటగుళ్ళ ఆయన ఒక దెబ్బ కొట్టి, అయిదు లెక్కపెట్టి, ఇంకో దెబ్బ కొడుతున్నాడు.

"చూచితిరా!" అన్నారు పరాంకుశం గారు పొంగిపోతూ. "ఎక్కడనైనా అనుమానమున్నదా?"

ఎక్కడా లేదు. ఎక్కడా కదలికే లేదు.

గంట గడిచాక రాలడం మొదలైంది. ఒకడికి కాలు తిమ్మిరెక్కింది. ఒకడు కునుకుపట్టి స్వాగత బ్యానరులో చుట్టుకుపోయాడు. దూరదేశంనుంచి వచ్చిన పొడుగాయన ఎవరూ తోయకుండానే నిట్టనిలువుగా పక్కకి ఒరిగి, పోలమ్మ ఎండబెట్టిన వడియాల మీద పడ్డాడు. చివరికి ఇద్దరే మిగిలారు. ఒకడు నిరుడు ఎనిమిదోవాడుగా వచ్చి ఫస్టు పొందిన ఛాంపియన్. రెండోవాడు జోగులు. క్యాన్లలో పాలు తొణక్కుండా ఎనిమిదేళ్ళు సైకిలు నిలబెట్టిన మనిషికి ఖాళీ సైకిలు ఒక లెక్కా? వీధరుగు మీద కూర్చున్నంత తీరిగ్గా ఉన్నాడు. గుండు మాత్రం ఎండకి మెరుస్తోంది. పందేనికి ముందు సింహాచలం వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చాడు.

"మావా," అన్నాడు మెల్లగా. "అంబలి."

గౌరునాయుడు చెంబు నింపాడు. జోగులు ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేత్తో చెంబెత్తి, గుటకలేస్తూ తాగాడు. కాలు కింద పడలేదు, చుక్క ఒలకలేదు. చూస్తున్న వెయ్యిమందీ ఊపిరి బిగబట్టారు. కేకెయ్యడానికి లేదు కాబట్టి చాలామందికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

గౌరునాయుడు ఛాంపియన్‌కి కూడా చెంబు చూపించాడు. ఆనవాయితీ ఆనవాయితీయే. ఛాంపియన్ మేనేజరు వద్దని కళ్ళెర్రజేశాడు. ఛాంపియన్ గొంతు తడారిపోయి, దిక్కులు చూసి, ఒంటి పట్టు తప్పుతుంటే ఒక్కసారి పెడలు గట్టిగా నొక్కాడు. టప్పుమని గొలుసు తెగింది. నాలుగో మలుపుదాకా కూడా ఆగలేదు. రెండు కాళ్ళూ నేలమీద పడ్డాయి.

ఇంక మిగిలింది జోగులు ఒక్కడే. ఒంటరిగా తొక్కేవాడి సగటు వాడి వేగమే గనక ఎంత తొక్కినా అనుమానం లేదు. వాడు కొండపైకి సాగిపోతుంటే గౌరునాయుడికి గొంతులోంచి కేక తన్నుకొచ్చింది. పక్కనే పరాంకుశం గారు. కేక బయటికొస్తే జోగులు కొంపమునుగుతుంది. మీసం చివరలు రెండూ చేత్తో పట్టుకుని, ఉన్న ప్రాణమంతా ఉగ్గబట్టుకుని, "తొందరేమున్నది నాయనా," అన్నాడు మామూలు గొంతుతో. జన్మలో అంత కష్టమైన పని అతను మళ్ళీ చెయ్యలేదు.

జోగులు కొండమీద గీత దాటాడు. గంటలోపే ఛాంపియన్ మేనేజరు ఫిర్యాదు రాసిచ్చాడు. మనిషన్నవాడు గంటన్నర సేపు అలా కదలకుండా ఉండటం అసహజమనీ, ఆ చెంబులో మనిషిని మొద్దుబార్చే మందేదో ఉందనీ.

పరాంకుశం గారి ముఖం గంభీరమైంది. "అనుమానాస్పద నిదానము! నియమావళిలో దీనిని ఊహించలేదు. పైగా ఆ ద్రవము సేవించి నేను కునుకు తీసినమాట వాస్తవమే. కేశ పరీక్ష అవసరము."

కానీ జోగులు తల నున్నగా ఉంది. అలాంటప్పుడు ఏం చెయ్యాలో నియమావళిలో ఉంది. క్రీడాకారుడి కేశములు దొరకనప్పుడు, పదార్థమును స్వహస్తముతో అందించి, తానును నిత్యము సేవించు వ్యక్తి కేశములు తీసుకోవచ్చును. ఆ వ్యక్తి నిరాకరించినచో విజేత అనర్హుడు. పరాంకుశం గారు గౌరునాయుడి తలవైపు చూశారు. అక్కడా ఏమీ లేదు. చూపు మెల్లగా కిందికి దిగి, మూతి దగ్గర ఆగింది.

పోలమ్మకి అర్థమైపోయింది. జడ ముందుకేసుకుని అడ్డమొచ్చింది. "బాబూ, నానూ ఆ అంబలే తాగుతాను. నా జడ కోసుకోండి. ఆ మీసం వొగ్గీయండి."

"నియమావళిలో భార్య అను పదము లేదమ్మా."

జోగులు వచ్చి గౌరునాయుడి పక్కన నిలబడ్డాడు. "వొద్దు మావా. నాకు ఆకరిగా రావడం అలవాటే. నీ మీసం పోతే మన మలుపుకి ఆనవాలుండదు."

గౌరునాయుడు చివరిసారి రెండుపక్కలా మెలేసుకున్నాడు. పంక్చర్లు వేసే తన పీట తనే లాక్కుని కూర్చున్నాడు. "తియ్యండి బాబూ. నా అంబల్లో మందుందని రాసుకుంటే నాను ఊరుకోను."

మంగలి కత్తి నూరి ఎడమపక్క తీసేశాడు. కుడివైపుకి వస్తుంటే పరాంకుశం గారు చెయ్యి అడ్డంపెట్టారు.

"ఆగుము. తీసినది ‘ఏ’ నమూనా. వివాదము వచ్చినచో పరీక్షించుటకు ‘బి’ నమూనా ఉండవలెను. దానిని కదల్చక, మూలస్థానమందే సీలు వేసి భద్రపరచవలెను."

లక్కతో సీలు వేస్తామంటే పోలమ్మ గరిటె తీసింది. కాబట్టి టేపు అంటించి సంతకం చేశారు. తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు బి నమూనాను కత్తిరించరాదు, రంగు వేయరాదు, మెలివేయరాదు అని కాగితమిచ్చి వెళ్ళిపోయారు.

అప్పలకొండ అన్నీ చూసి తల ఊపాడు. "ఆకర్న వొచ్చాడని సగం తీశారు, ఫస్టొచ్చాడని సగం ఉంచారు. తీరుపంటే ఇదీ బావా." తన పందెం కూడా అదే తీర్పు ప్రకారం తీర్చేసుకున్నాడు. అయితే అతని మీసంలో సగం పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. ఫలితం తేలేదాకా జోగులు ఏ పందెంలోనూ దిగకూడదన్నారు. వాడు మళ్ళీ పాల క్యాన్లు కట్టుకున్నాడు. గౌరునాయుడి ఎడమపక్క మీసం మళ్ళీ చిగిర్చి బుగ్గ సగందాకా వచ్చింది. కుడిపక్క టేపు ఊడినప్పుడల్లా పోలమ్మ తిరిగి అంటిస్తోంది. గొలుసు బిగిస్తూ బిగిస్తూ అతని చెయ్యి అలవాటు చొప్పున కుడివైపుకి లేచేది. సంతకం తగిలి ఆగిపోయేది. ఆ ఆగిపోవడం చూసినప్పుడల్లా అప్పలకొండ అంతటివాడు కూడా పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు పొద్దున పరాంకుశం గారి జీపు మూడో మలుపులో ఆగింది. చేతిలో ఒక నివేదిక, మెడలో వేగం కొలిచే కొత్త యంత్రం.

"‘ఏ’ నమూనా ఫలితము," అని చదివారు. "సైకిలు గ్రీజు తొంభై పాళ్ళు. చోడిపిండి తొమ్మిది పాళ్ళు. తతిమ్మాది మీసము. నిషిద్ధ పదార్థములు లేవు. కావున జోగులును విజేతగా ప్రకటించడమైనది."

పోలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. గౌరునాయుడి చెయ్యి టేపు మీదికి వెళ్ళింది.

"ఆగుము. రెండో పుట కలదు. సదరు జోగులు ప్రథమ స్థానమున నిలిచినాడు. ప్రథమ స్థానమున నిలిచినవారందరూ అనుమానితులని సంస్థ అధ్యయనము తేల్చియున్నది. కావున బి నమూనాను యథాస్థానమున భద్రపరచవలెను."

గౌరునాయుడు ఆ కాగితం వంక చూశాడు. పరాంకుశం గారి వంక చూశాడు. అప్పుడే కిందనుంచి క్యాన్ల చప్పుడు వినబడింది. రెండో మలుపు దాటి జోగులు వస్తున్నాడు. చెరో పక్కా నిండు క్యాను, ఒళ్ళంతా చెమట. ఎండ అప్పటికే చుర్రుమంటోంది. నిలబడి తొక్కుతున్నాడు. ఎదురన్నదే లేనట్టు, కొండ కొండే కానట్టు ఎక్కొస్తున్నాడు. హోటలు గుమ్మంలో అప్పలకొండ ఖాళీ గిన్నె పట్టుకుని కాచుకుని ఉన్నాడు.

గౌరునాయుడు టేపు పట్టుకుని సంతకంతో సహా చర్రున లాగేశాడు. అయిదేళ్ళ కేక అప్పుడొచ్చింది.

"తొక్కరా జోగులూ!"

కొండ మారుమోగింది. చెట్లమీది కాకులు లేచిపోయాయి. జోగులు తలెత్తి చూసి నవ్వి ఇంకాస్త వేగం పెంచాడు. పరాంకుశం గారు యంత్రం ఎత్తి, అంకె చూసి, అదిరిపడి రోడ్డు మధ్యకి వచ్చేశారు. "ఆపుడు! అనుమానాస్పద వేగము! ముమ్మాటికీ అనుమానాస్పద వేగము!"

గౌరునాయుడు గ్రీజు చేత్తో మీసం రెండుపక్కలా, పెద్దదాన్నీ చిన్నదాన్నీ, తీరిగ్గా మెలేసుకున్నాడు. ఆయన రెక్క పట్టుకుని మెల్లిగా పక్కకి జరిపాడు.

"అది పందెం కాదు బాబూ, పాలు. ఎండెక్కితే ఇరిగిపోతాయి, తప్పుకోండి."

పాల గురించి నియమావళిలో ఏమీ లేదు. పరాంకుశం గారు తప్పుకున్నారు. జోగులు మలుపు దగ్గర అలవాటు చొప్పున నెమ్మదించి, చుక్క తొణక్కుండా షాపు ముందు ఆగి, అంబలికి చెయ్యి చాపాడు.